లడాఖు – కనుమల సీమ

శ్రీనగరమునుండి తూర్పుదిక్కునకు పోవు బాట సోన్‌మార్గ్ వఱకు దేవదారువనముల నడుమను, పచ్చికబయళ్ళ నడుమను సాగును. అచ్చటనుండి కొండ నిట్టనిలువుగా లేచును. బాట మెలికలు తిరుగుచు జోజీలా అను కనుమకు ఎక్కును. ఈ కనుమ ఎత్తు సుమారు 11,500 అడుగులు. దీనికి ఈవలి ప్రక్క వాన, అడవి, పచ్చదనము కలవు. ఆవలి ప్రక్క చెట్టు లేదు, పొద లేదు. ఱాయి, ఇసుక, మంచు, వీనిపై నల్లగా తోచునంతటి నీలాకాశము మాత్రమే కలవు. కొలది మైళ్ళ దూరములో ఇంతటి మార్పు కనబడు చోట్లు భూమిపై అరుదు. ఆ ఆవలి సీమయే లడాఖు.

అచ్చటివారి భాషలో 'లా' యన కనుమ. లడాఖు అను పేరునకు కనుమల దేశమని అర్థము చెప్పుదురు. పేరు తగియే యున్నది. ఏ దిక్కునుండి వచ్చువాడైనను ఏదో యొక కనుమ దాటక ఈ సీమలో అడుగుపెట్టజాలడు. శీతకాలమున ఈ కనుమలు మంచుతో మూసికొనిపోవును. విమానములు లేని దినములలో ఏటికి ఆరు నెలలు లడాఖు ప్రజలకు తక్కిన ప్రపంచముతో సంబంధమే తెగియుండెడిది.

ఈ నేల పూర్వము సముద్రము. దక్షిణమునుండి కదలివచ్చిన భారతభూఖండము సుమారు అయిదుకోట్ల సంవత్సరములకు పూర్వము ఆసియాఖండమును ఒరసికొని ఒత్తగా, నడుమనున్న టెథిస్ సముద్రపు అడుగుభాగము మడతలుపడి పైకి లేచెను. కావుననే జంస్కార్ కొండల ఱాళ్ళలో, ఏ సముద్రమునకైనను వందలకొలది మైళ్ళ దూరమున, సముద్రజీవుల శిలాజములు దొరకుచున్నవి. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవువానికి నాలుగు పర్వతశ్రేణులు వరుసగా అడ్డుపడును. అవి మహాహిమాలయము, జంస్కార్, లడాఖు, కారకోరము. జంస్కార్, లడాఖు శ్రేణుల నడుమ సింధునది ఆగ్నేయమునుండి వాయవ్యమునకు పాఱును. లడాఖు శ్రేణికి ఆవల ష్యోక్, నుబ్రా నదుల లోయలు కలవు. నుబ్రా నది సియాచిన్ హిమానీనదమునుండి పుట్టును. సియాచిన్ పొడవు సుమారు 76 కిలోమీటర్లు.

ఋతుపవన మేఘములు హిమాలయముల దక్షిణపు వాలుననే తమ నీటిని దించివేయును. అవి ఆవలికి చేరునప్పటికి వట్టి గాలి మాత్రమే మిగులును. ముఖ్యపట్టణమగు లేహ్‌లో ఏడాది పొడవున కురియు వానయు, మంచును కలిపి సుమారు 100 మిల్లీమీటర్లు. రాయలసీమలో కరవునేల యని పేరుపడిన అనంతపురమున సయితము ఇంతకు అయిదురెట్లు వాన కురియును. లేహ్ 11,500 అడుగుల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన, ఎండ తీక్ష్ణము, నీడ మిక్కిలి చల్లన. తల ఎండలోను, కాళ్ళు నీడలోను ఉంచి కూర్చున్నవానికి ఒక్క మాఱే వడదెబ్బయు, మంచుకాటును తగులునని బాటసారులు హాస్యముగా చెప్పుదురు.

వాన లేని ఇట్టి చోట పంట ఎట్లు పండును? లడాఖు రైతునకు మేఘము కొండకొనయందున్న మంచుగడ్డయే. వేసవి రాగానే అది కరగి సన్నని ఏరై దిగివచ్చును. ఆ ఏటిని కొండప్రక్కనే కాలువగా మలచి, మైళ్ళకొలది నడపించి, మెట్లుమెట్లుగా కట్టిన మళ్ళలోనికి తెచ్చుకొందురు. కాలువ చేరినంత మేర బార్లీ చేలు, జర్దాలు కాచు తోటలు, పాప్లారు చెట్లు కనబడును. కాలువకు ఒక్క అడుగు పైన ఇసుకయే. గీత గీసినట్లు పచ్చదనము అచ్చటితో ఆగిపోవును. ఊరి నీటిని పంచుటకు గ్రామస్థులు తమలో నొకనిని ఎన్నుకొందురు. అతనికి 'ఛుర్‌పోన్' అని పేరు. ఏ మడికి ఏ పూట నీరు పోవలెనో అతడే నిర్ణయించును. అతని మాటకు ధనికుడును, బీదయు ఒక్కటిగా లోబడవలెను. ఒక గడియ నీరు తప్పిన చేను ఎండిపోవును. ఎండిన చేనికి మఱల విత్తుటకు ఆ ఏడు తరుణము మిగులదు. వేయించిన బార్లీపిండి వారి ముఖ్యాహారము. దానిని ఉప్పు, వెన్న కలిపిన తేనీటిలో కలిపికొని భుజింతురు.

కొండకొన మంచు ఇటీవల తఱుగుచున్నది. విత్తులు వేయు కాలమునకు నీరు దిగిరాదు. దిగివచ్చునప్పటికి అదను దాటిపోవును. ఈ చిక్కును గమనించి ఛెవాంగ్ నోర్ఫెల్ అను ఇంజనీరు, శీతకాలమున వృథాగా పోవు నీటిని ఊరిచెంత నీడపట్టున నిలిపి గడ్డకట్టించు ఉపాయము కనిపెట్టెను. ఆ గడ్డ ఊరికి దగ్గఱగా, తక్కువ ఎత్తున నుండుటచేత వసంతమున ముందుగా కరగి చేలకు అందును. 2015లో భారతప్రభుత్వము అతనిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. సోనమ్ వాంగ్‌చుక్ అను మఱియొక ఇంజనీరు ఆ నీటిని గొట్టము ద్వారా పైకి చిమ్మించి, స్తూపాకారముగా మంచుగుట్టలు కట్టించు విధానమును ప్రచారమునకు తెచ్చెను.

సింధులోయకు తూర్పున చాంగ్‌తాంగ్ అను పీఠభూమి కలదు. దాని ఎత్తు 14,000 అడుగులకు పైన. అచ్చట పంట పండదు. చాంగ్‌పాలను సంచారజాతివారు యాకు రోమముతో నేసిన నల్లని గుడారములలో నివసించుచు, మేకలను, గొఱ్ఱెలను మేపుకొందురు. ఈ మేకలకు పైబొచ్చు క్రింద, చలికి రక్షణగా, మిక్కిలి మెత్తని సన్నబొచ్చు మొలచును. దానికే పశ్మమని పేరు. చలి ఎంత ఎక్కువయైన పశ్మము అంత మేలైనదగును. కాశ్మీరపు శాలువలు దీనితోనే నేయబడును. కొండలపై గుప్పెడు మేకబొచ్చునకు ఇంత విలువ లేకున్న లడాఖు చరిత్ర వేఱొక విధముగా నుండెడిది. పెక్కు యుద్ధములకును, సంధులకును మూలమున ఈ బొచ్చు కనబడుచుండును.

ఈ నేల పంట తక్కువైనను, బాటలు పెక్కు. లేహ్ నాలుగు బాటల కూడలి. పడమట కాశ్మీరము, దక్షిణమున కులూ, తూర్పున టిబెట్టు, ఉత్తరమున యార్‌కండు. లేహ్ నుండి యార్‌కండునకు పోవు వర్తకులు అయిదు మహాకనుమలు దాటవలెను. ప్రతి కనుమయు 16,000 అడుగులకు మించినదే. అందు కారకోరపు కనుమ సుమారు 18,000 అడుగుల ఎత్తున నున్నది. ప్రయాణమునకు నెలకు పైగా పట్టెడిది. బాట తప్పునేమో యను భయము అచ్చట లేదని వర్తకులు చెప్పుకొనెడివారు. చచ్చిన గుఱ్ఱముల, ఒంటెల ఎముకలే బాట చూపునట! ఇంత కష్టమునకు ఓర్చి వారు పట్టు, తివాచీలు, రోమము తెచ్చి, ఇటునుండి వస్త్రములు, నీలిమందు, సుగంధద్రవ్యములు కొనిపోయెడివారు. లేహ్ అంగడివీథిలో పంజాబీ, కాశ్మీరీ, యార్‌కండీ, టిబెట్టు భాషలు కలగలిపి వినవచ్చెడివి.

లడాఖు రాజ్యము పదవ శతాబ్దమున ఏర్పడినది. రాజులలో మిక్కిలి ప్రసిద్ధుడు సెంగే నమ్‌గ్యాల్. పదునేడవ శతాబ్దపు పూర్వార్ధమున ఇతడు పాలించెను. లేహ్ పట్టణమునకు పైన కొండకొమ్మున తొమ్మిది అంతస్తుల రాజభవనమును కట్టించెను. హెమిస్ మఠమునకు పోషకుడయ్యెను. పశ్చిమ టిబెట్టులోని గూగే రాజ్యమును జయించి కలిపికొనెను. ఆ వైభవము నిలువలేదు. 1679లో టిబెట్టుతో యుద్ధము పుట్టెను. లడాఖు రాజు మొగలాయీల తోడ్పాటు కోరగా, కాశ్మీరమునుండి వచ్చిన సేన బాస్గో చెంత శత్రువులను వెనుకకు మరల్చెను. 1684లో టింగ్‌మోస్‌గాంగ్ అను చోట సంధి జరిగెను.

ఆ సంధి షరతులు గమనింపదగినవి. గూగే మొదలగు సీమలు టిబెట్టునకు పోయెను. డెమ్‌చోక్ చెంతనున్న లారి వాగు రెండు రాజ్యములకును ఎల్ల యయ్యెను. పశ్మమును కొను హక్కు కాశ్మీరమునకే దక్కెను. మూడేండ్లకొకమాఱు లడాఖు నుండి లాసాకు కానుకలతో ఒక బృందము పోవలెనని ఏర్పాటయ్యెను. వీనికన్న విచిత్రమైన షరతు మఱియొకటి కలదు. కైలాసపర్వతము చెంతనున్న మిన్సార్ అను గ్రామము టిబెట్టు నేలకు నడుమ నున్నను లడాఖు రాజునకే చెందెను. ఆ గ్రామపు ఆదాయముతో కైలాసమున దీపములు వెలిగించి, పూజాదికములు జరిపించుట ఉద్దేశము. ఆ పన్ను ఇరువదవ శతాబ్దిలోను కాశ్మీర రాజ్యమువారు వసూలుచేయుచునే యుండిరి. నాటివారి కన్నులకు ఎల్ల యనగా పటముపై గీత కాదు. ఏ ఊరు ఎవనికి పన్ను కట్టునో, ఏ పచ్చిక ఎవని మందకు చెందునో, ఏ వాగు వద్ద బాటసారిని ఎవరు ఆపుదురో అదియే ఎల్ల.

1820లో విలియం మూర్‌క్రాఫ్ట్ అను ఆంగ్లేయుడు లేహ్ చేరెను. అతడు ఈస్టిండియా కంపెనీవారి పశువైద్యుడు. మేలుజాతి గుఱ్ఱములకై మధ్యాసియాకు పోవలెనని బయలుదేరి, అనుమతికొఱకు కాచికొనుచు రెండేండ్లు లడాఖులోనే యుండిపోయెను. లడాఖు రాజు కంపెనీ రక్షణ కోరుచున్నాడని అతడు వ్రాసి పంపగా కంపెనీవారు తిరస్కరించిరి. వారు నిరాకరించిన రక్షణకు బదులు పదునాలుగేండ్లలో దండయాత్రయే వచ్చినది.

జమ్మూను పాలించుచున్న గులాబ్‌సింగ్ పంజాబు ప్రభువగు రంజిత్‌సింగ్‌నకు సామంతుడు. అతని సేనానాయకులలో జోరావర్‌సింగ్ అగ్రగణ్యుడు. 1834లో జోరావర్ కిష్త్‌వాడ్ నుండి నాలుగైదు వేల డోగ్రా సైనికులతో కనుమలు దాటి సూరూ లోయలో దిగెను. లడాఖువారికి స్థిరసైన్యము లేదు. పొలములనుండి వచ్చిన రైతులే విల్లులు, కత్తులు పట్టిరి. కొంతకాలము పోరాడి, పిదప రాజు లొంగిపోయి ఏటేట 20,000 రూపాయల కప్పము కట్టుటకు అంగీకరించెను. తిరుగుబాట్లు లేచినపుడెల్ల జోరావర్ మఱల వచ్చి అణచెను. 1840లో బాల్టిస్థానమును, దాని ముఖ్యనగరమగు స్కర్దూను కూడ జయించెను.

ఇచ్చటితో ఆగియున్న అతని చరిత్ర అఖండవిజయముల చరిత్రయై యుండెడిది. అతడు ఆగలేదు. పూర్వము లడాఖునకు చెందియుండిన పశ్చిమ టిబెట్టు అంతయు తనదేయని 1841 వేసవిలో తూర్పునకు దండు నడపెను. రుదోక్, గార్టోక్ పట్టువడెను. శరత్కాలము నాటికి సేన మానససరోవరము దాటి నేపాళపు ఎల్ల చెంతనున్న తక్లాకోట్ చేరెను. లేహ్ నుండి అంతదూరము ఏ సేనాపతియు అంత శీఘ్రముగా పోలేదు. కాని లాసా నుండి వచ్చిన సైన్యము వెనుకనున్న కనుమలను మూసివేసెను. మంచు కురియసాగెను. 15,000 అడుగుల ఎత్తున, కట్టెపుల్ల దొరకని చోట, మైదానమునుండి వచ్చిన సైనికులు చిక్కుకొనిరి. పెక్కుర చేతివ్రేళ్ళు, కాలివ్రేళ్ళు మంచుకాటునకు చచ్చుపడెను. చలి కాచికొనుటకు కొందఱు తమ తుపాకుల కొయ్యమడమలను ఊడదీసి కాల్చిరి. తుపాకీ కాల్చుకొన్న సైనికుడు మఱునాడు దేనితో పోరాడును? 1841 డిసెంబరు 12వ తేదీన టో-యో అను చోట జరిగిన యుద్ధమున జోరావర్ భుజమునకు గుండు తగిలెను. అతడు ఎడమచేత కత్తి పట్టి పోరాడుచు కూలెను. అతనిని శత్రువులకన్న ముందు చలి ఓడించినది. పరాక్రమమున అతనికి సాటి లేదు. కాలమును లెక్కించుటలో మాత్రము పొరబడెను.

1842లో టిబెట్టు సేన లేహ్‌ను ముట్టడింపగా జమ్మూ నుండి క్రొత్త బలగము వచ్చి దానిని తఱిమెను. డోగ్రాలు ఏటికి అడ్డుకట్ట వేసి శత్రుశిబిరమును నీట ముంచిరి. ఆ సెప్టెంబరులో చుషూల్ గ్రామమున సంధి జరిగెను. ప్రాచీనకాలమునుండి వచ్చుచున్న ఎల్లలనే ఉభయులు గౌరవింపవలెననియు, రోమము, తేయాకుల వర్తకము యథాప్రకారము సాగవలెననియు నిర్ణయించిరి. ఆ ప్రాచీనపు ఎల్లలు ఎచ్చటనున్నవో సంధిపత్రము చెప్పలేదు. ఉభయులకును తెలిసియేయున్నదని కాబోలు, ఎవ్వరును అడుగలేదు.

అడిగినవారు ఆంగ్లేయులు. 1846లో అమృతసర్ సంధి ప్రకారము గులాబ్‌సింగ్ 75 లక్షల రూపాయలు చెల్లించి, జమ్మూ కాశ్మీరమునకు మహారాజయ్యెను. లడాఖు అతని రాజ్యములో భాగమయ్యెను. ఎల్లను గుర్తించుటకు ఆంగ్లేయులు 1846లోను, 1847లోను అధికారులను పంపిరి. అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ రెండుమాఱులు పోయెను. చైనావారుగాని, టిబెట్టువారుగాని ప్రతినిధులను పంపలేదు. దక్షిణభాగమున కొంత మేర గుర్తించి, ఉత్తరపు నిర్జనభూమిని వారు విడిచివేసిరి.

1802లో మద్రాసు చెంత లాంబ్టన్ ప్రారంభించిన మహాత్రికోణమాపనము హైదరాబాదు సీమ మీదుగా ఉత్తరమునకు పాకి, అర్ధశతాబ్దమునకు కాశ్మీరము చేరెను. 1856లో మాంట్‌గోమరీ హరముఖ్ శిఖరమునుండి దూరపు కారకోరమును చూచి, రెండు కొనలకు కే-1, కే-2 అని గుర్తులు పెట్టుకొనెను. ప్రపంచమున రెండవ ఎత్తైన శిఖరమునకు ఆ లెక్కగుర్తే నేటికిని పేరు. 1865లో జాన్సన్ అను సర్వేయరు ఖోటాన్ వఱకు పోయి వచ్చి గీచిన పటమున అక్సాయ్‌చిన్ అను విశాలమైన ఎడారి పీఠభూమి కాశ్మీరరాజ్యమున చేరెను. 1899లో ఆంగ్లప్రభుత్వము చైనాకు మఱియొక గీతను సూచించెను. అందులో అక్సాయ్‌చిన్‌లో పెద్దభాగము ఆవలికి పోయెను. చైనా ప్రత్యుత్తరమే ఇయ్యలేదు. ఈ విధముగా ఒకే నేలపై రెండు గీతలు కాగితముపై నిలిచిపోయెను. అచ్చట మేకలు మేపుకొను వారిని మాత్రము ఎవ్వరును సంప్రదింపలేదు.

పటములు వ్రాసినవారందఱును తెల్లవారు కారు. కుమావూన్ కొండలకు చెందిన నయన్‌సింగ్ రావత్ 1874లో యాత్రికవేషమున లేహ్ నుండి బయలుదేరి, పాంగాంగ్ సరస్సు మీదుగా లాసాకు నడచెను. సాధారణముగా జపమాలయందు 108 పూసలుండును. అతని మాలయందు 100 మాత్రమే యుండెను. నూఱడుగులకొక పూస జరుపుచు అతడు దేశమును కొలిచెను. చూచువారికి జపము, చేయువానికి లెక్క!

1947లో దేశము స్వతంత్రమైన వెనువెంటనే లడాఖునకు ఆపద వచ్చెను. గిల్గిత్ వైపునుండి చొచ్చివచ్చిన దండు స్కర్దూను చుట్టుముట్టి లేహ్ వైపు సాగెను. లేహ్‌లో సైన్యము మిక్కిలి స్వల్పము. 1948లో పృథీచంద్ అను అధికారి కొలదిమంది స్వచ్ఛందసైనికులతో మంచులో జోజీలా దాటి లేహ్ చేరెను. సోనమ్ నోర్బు అను లడాఖు ఇంజనీరు సింధునది చెంత ఇసుకనేలపై విమానము దిగుటకు బాట సిద్ధపఱచెను. మే 24వ తేదీన మెహర్‌సింగ్ నడపిన డకోటా విమానము, జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకొని అచ్చట దిగెను. నవంబరు 1వ తేదీన తిమ్మయ్య జోజీలాకు టాంకులను ఎక్కించెను. అంతటి ఎత్తున టాంకులు కనబడునని శత్రువులు కలనైనను తలంపలేదు. కనుమ తెఱచుకొనెను, లేహ్ దక్కెను. స్కర్దూ మాత్రము ఆగస్టులోనే చేజాఱెను.

ఉత్తరపు బాటలు మూసికొనిపోవుటయు ఆ దినములలోనే. 1949లో చైనాయందు ప్రభుత్వము మాఱినపిదప యార్‌కండు వర్తకము ఆగిపోయెను. 1957 నాటికి చైనావారు సింకియాంగు నుండి టిబెట్టునకు అక్సాయ్‌చిన్ మీదుగా రాజపథము నిర్మించిరి. పచ్చికయైనను మొలవని ఆ నేల ఒక్కమాఱుగా విలువైనదయ్యెను. 1959 అక్టోబరు 21వ తేదీన హాట్‌స్ప్రింగ్స్ చెంత, తప్పిపోయిన సహచరులను వెదకుచు పోయిన భారత పోలీసులపై చైనా సైనికులు కాల్పులు జరుపగా పదిమంది మరణించిరి. నాటినుండి ఏటేట అక్టోబరు 21వ తేదీన దేశమంతటను పోలీసు అమరవీరుల సంస్మరణదినము జరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో జిల్లాజిల్లా పోలీసుమైదానములలో నాడు జరుగు కవాతునకు మూలము లడాఖులోని ఆ వేడినీటి ఊటల చోటు.

మూడేండ్లకు యుద్ధమే వచ్చెను. 1962 నవంబరు 18వ తేదీ తెల్లవారుజామున చుషూల్ చెంతనున్న రెజాంగ్‌లా కనుమను 13వ కుమావూన్ పటాలమునకు చెందిన ఒక దళము కాచియుండెను. దళనాయకుడు మేజర్ షైతాన్‌సింగ్. నడుమ కొండ అడ్డుగా నుండుటచేత వారికి వెనుకనుండి ఫిరంగుల సాయము అందదు. ఆ సంగతి తెలిసియు వారు కదలలేదు. ఆ దళములో నూటపదిమందికి పైగా అచ్చటనే మరణించిరి. మఱి మూడు నెలలకు మంచు తగ్గినపిదప పోయి చూడగా, కందకములలో తుపాకులు పట్టినవారు పట్టినట్లే గడ్డకట్టి యుండిరి. షైతాన్‌సింగ్‌నకు మరణానంతరము పరమవీరచక్రము లభించెను. చైనా కాల్పులు విరమించెను గాని, అక్సాయ్‌చిన్ దాని అధీనముననే యున్నది.

పడమటి ఎల్లయు నిలుకడగా లేదు. 1984లో భారతసైన్యము సియాచిన్‌పై నిలిచెను. 1999 మే నెలలో బటాలిక్ చెంత తాషీ నమ్‌గ్యాల్ అను కాపరి తప్పిపోయిన యాకును వెదకుచు కొండయెక్కి, అపరిచితులు ఱాళ్ళు పేర్చి మఱుగు కట్టుకొనుట చూచెను. అతడు సైన్యమునకు చేర్చిన ఆ వార్తతోనే కార్గిల్ చొఱబాటు మొదట బయటపడినది. జూలై 26 నాటికి ఆ యుద్ధము ముగిసెను.

గల్వాన్ అను నదిపేరు తెలుగువారికి 2020లో మిక్కిలి పరిచితమయ్యెను. లేహ్ నివాసి గులాం రసూల్ గల్వాన్ అను బీదవాడు బాల్యముననే యాత్రికుల బిడారులకు తోడుపోయి, దారి చూపుటలో ఆరితేఱెను. అతని పేరే ఆ నదికి పెట్టిరి. సామాన్యుని పేర వెలసిన నదులు లోకమున స్వల్పము. 2020 జూన్ 15వ తేదీ రాత్రి ఆ లోయలో భారత, చైనా సైనికులకు ఘర్షణ జరిగెను. ఇరుప్రక్కల ఒడంబడిక ననుసరించి ఎవ్వరును తుపాకి కాల్చలేదు. కఱ్ఱలతోను, ఱాళ్ళతోను పోరాటము జరిగెను. ఇరువదిమంది భారతసైనికులు మరణించిరి. వారికి నాయకుడు 16వ బీహారు పటాలపు అధిపతి కర్నల్ సంతోష్‌బాబు. అతనిది తెలంగాణములోని సూర్యాపేట. చదివినది విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనికపాఠశాలలో. అతనికి మరణానంతరము మహావీరచక్రము లభించెను. సూర్యాపేటయందు అతని విగ్రహము నిలిపిరి.

ఘర్షణ పిదప పలుమాఱులు చర్చలు జరుగగా, కొన్నిచోట్ల ఇరుసేనలును వెనుకకు తగ్గెను. నడుమ ఎవ్వరును పోరాని పట్టీలు ఏర్పడెను. సైనికునకు అది శాంతి. చాంగ్‌పా కాపరికి మాత్రము అది పోయిన పచ్చిక. శీతకాలమున మంచు తక్కువగా పడు చోట్లకు మందను తోలుకొనిపోవుట వారి పూర్వాచారము. అట్టి చోట్లు కొన్ని ఆ పట్టీలలో చిక్కుకొనెను. మేకలు ఈను కాలము శీతకాలాంతము. అపుడు మేత దొరకకున్న పిల్లలు బ్రదుకవు. చుషూల్ ప్రాంతపు కాపరులు ఈ మొఱ పెట్టుకొనుచునే యున్నారు. 2024 అక్టోబరులో డెప్సాంగ్, డెమ్‌చోక్ ప్రాంతములలో గస్తీని గూర్చి ఉభయదేశములకు ఒడంబడిక కుదిరెను.

2019 అక్టోబరు 31వ తేదీన లడాఖు ప్రత్యేక కేంద్రపాలిత ప్రాంతమయ్యెను. 2011 జనాభాలెక్కల ప్రకారము అచ్చటి ప్రజలు 2,74,289. లేహ్ వైపు బౌద్ధులును, కార్గిల్ వైపు ముస్లిములును అధికసంఖ్యాకులు. నేడు లేహ్‌కు దినమునకు పెక్కు విమానములు వచ్చుచున్నవి.

నుబ్రా లోయలోని హుందర్ గ్రామము చెంత ఇసుకదిబ్బలు కలవు. అచ్చట రెండు మూపురముల ఒంటెలు మేయుచుండును. పూర్వము యార్‌కండు వర్తకుల సరకులు మోసి కారకోరము దాటివచ్చిన ఒంటెల సంతతియే అవి. బాట మూసికొనిపోగా ఇచ్చటనే నిలిచిపోయెను. ఇపుడు వేసవిలో యాత్రికులను వీపుపై ఎక్కించుకొని, దిబ్బలపై కొంతదూరము నడచి, సాయంకాలమునకు మఱల ఏటియొడ్డునకు వచ్చి చేరును.